గుమ్మం మీది గుండిగ

అక్టోబరు 9

ఈ పుస్తకంలో గుమ్మం గురించి తప్ప ఇంకేమీ రాయను. కొలతలు మునిసిపాలిటీ ఫైల్లో ఉంటాయి. అక్కడ సందేహాలకు చోటు లేదు, అందుకని ఇది.

ఊరి కోటగోడకున్న కౌంటు గుమ్మం, ఒకప్పుడు ఈ ఊరినేలిన ప్రభువు కట్టించింది. దాని నెత్తిన, ఆయన వంశచిహ్నం చెక్కిన రాతి డాలులో బీట. కిరీటం ఎడమ కొస దగ్గర మొదలై, రెండు తోడేళ్ళ మధ్య నుంచి దిగి, గుండిగ చెవి దగ్గర ఆగింది. పాతదే అయ్యుంటుంది. అమ్మ పెళ్ళి ఫోటోలో వెనకాల డాలు కనిపిస్తుంది, అందులోనూ అక్కడ ఏదో గీత ఉంది. ఫోటో మడత కాకపోతే.

నిచ్చెన వేయించుకుని నేనే ఎక్కాను. బీటకు అడ్డంగా అరచేయంత ప్లాస్టర్ ముద్ద అద్ది, ఆరకముందే మేకుతో తేదీ గీశాను. మా పనిలో దీన్ని సాక్షి అంటాం. రాయి కదలకపోతే ముద్ద అలాగే ఉంటుంది. కదిలితే నడిమికి పగులుతుంది. చదువు అక్కర్లేని పరీక్ష.

గుమ్మానికి ఎదురింటి పై కిటికీలోంచి మా అక్క కాసిల్దా అరిచింది. "ఏమే, కౌంటు గారికి కట్టు కడుతున్నావా?"

"చిన్న గీతేలే అక్కా."

"నీకన్నీ చిన్న గీతలే."

అక్క కొట్టు ఇవాళా తెరవలేదు. గుండీలో దారాలో కావలసినవాళ్ళు వీధిలోంచి కేకేస్తే, మంచం పక్కనే ఉన్న ఆ కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతోంది. బేరాలు మాత్రం తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

నిన్న పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచింది. ఈస్టర్ దాకా ఉంటుందనుకోవద్దు అంది. డాక్టర్లు ముందుజాగ్రత్తకి ఎప్పుడూ తగ్గించే చెబుతారు. రక్తం పలచబడిందట, సూపులు తాగమన్నారు అని అక్కతో చెప్పాను. అది కూడా నిజమే. సూపుల మాట నిజంగానే అన్నది.

అక్టోబరు 12

చెక్కు చెదరలేదు. సాక్షి సంగతి.

అక్టోబరు 15

మెట్ల వీధికి కొత్త దీపాలు వేయిస్తారట. అక్కకి వండిపెడుతున్న పక్కింటి ఒబ్దూలియా వినగానే, "ఆఁ, కౌంటు గుండిగలోంచి వడ్డిస్తారు" అంది. ఈ ఊళ్ళో జరగని మాట ఏదైనా ఆ గుండిగలోంచే వస్తుంది. కరువులో తన జనానికి అన్నం పెట్టగల ప్రభువులకే డాలు మీద గుండిగ చెక్కించుకునే హక్కు ఉండేది. మా కౌంటు చెక్కించుకున్నాడు. పెట్టినట్టు మాత్రం ఎవరి నోటా వినలేదు. గుమ్మం దాటే ప్రతి గంపకీ ప్రతి మేకకీ సుంకం గుంజిన సంగతి మాత్రం అన్ని ఇళ్ళలోనూ చెప్పుకుంటారు.

ఆ గుండిగ రాతిలోంచి బాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, మూతి ఆకాశం వైపు. కిందనుంచి లోపల ఏముందో కనిపించదు. చిన్నప్పుడు నేను శనగలున్నాయి అనేదాన్ని. ఖాళీ అనేది అక్క. "నువ్వు చూశావా?" అంటే, "చూడక్కర్లేదు. పెట్టేవాడు అంత ఎత్తున పెట్టడు" అనేది. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఆ మాటకి ఎదురు చెప్పడం నాకిప్పటికీ రాలేదు.

ఇవాళ అడిగింది: "నిచ్చెన ఎక్కావుగా, చూశావా లోపల?"

నిచ్చెన అంత ఎత్తు రాదన్నాను.

"చూసినా చెప్పవులే. శనగలున్నాయనే అంటావు."

అక్టోబరు 28

సాక్షి నడిమిన వెంట్రుకంత నెర్రె. ప్లాస్టర్‌లో నీళ్ళెక్కువ కలిపాను, ఆరుతూ బిగుసుకుంటే అలాగే విచ్చుతుంది. గోకేసి కొత్తది అద్దాను. తేదీ గీశాను. ఫైల్లో "కదలిక లేదు" అని రాశాను.

అక్క పియర్ పండులో సగం తింది. పోయిన వారం కన్నా నయం.

నవంబరు 4

చెప్పులు కుట్టే లియాండ్రోని ఇవాళ ఊరి బయటి సమాధులకి తీసుకెళ్ళారు. అక్క వెనక దిండ్లు పెట్టించుకుని కిటికీలోంచి చూసింది, పక్కన నేను. శవపెట్టె మోసేవాళ్ళు డాలు కింద ఆగారు. పూర్వం కావలివాడు అక్కడ ప్రతివాణ్ణీ ఆపి, "ఏం పట్టుకుపోతున్నావ్?" అనేవాడట. పోయినవాళ్ళకి సుంకం లేదు. అయినా ఇంటివాళ్ళలో ఒకరు ఆగి, పైకి చూసి, జవాబు చెప్పాకే పెట్టె కదలాలి. కావలివాడూ లేడు, కౌంటూ లేడు. జవాబు మాత్రం ఎవరూ మానలేదు.

లియాండ్రో కూతురు పైకి చూసింది. "మా నాన్న ఏమీ పట్టుకుపోవడం లేదు" అంది, పెట్టె మోసేవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా.

"గొంతు లేదు ఆ పిల్లకి," అంది అక్క. "కౌంటుకి చెవుడని తెలియదా? నా వంతు వచ్చినప్పుడు నువ్వు గట్టిగా చెప్పు."

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకు?"

"నాకున్నది ఒక్కటే కోరిక ఎల్వీ. ఆ దిగువ గుమ్మంలోంచి మాత్రం తీసుకెళ్ళకండి. అటు చెత్తబండ్లు పోతాయి. అమ్మ నన్ను పుట్టగానే ఈ డాలు కిందనుంచే ఇంటికి ఎత్తుకొచ్చింది. ఈ డాలు కిందనుంచే పోతాను."

సూపు చల్లారిపోతోందని చెప్పాను.

నవంబరు 21

మంచు కురిసింది. తడి ప్లాస్టర్‌కి మంచు పడదు. ఈసారి సాక్షిని బీట వెడల్పుగా ఉన్నచోట కాకుండా కొంచెం కిందగా వేశాను. అక్కడ రాయి శుభ్రంగా ఉంది, అంటుకోవడం బాగుంటుంది.

చదువుకునే రోజుల్లో మాకు పాఠం చెప్పినాయన అనేవాడు, సాక్షిని నమ్మలేకపోతే గోడని కాదు, నిన్ను అనుమానించుకో అని. నన్ను నేను అనుమానించుకోని రోజు లేదు. అందులో కొత్తేమీ లేదు. అనుమానం ఇంత ఎక్కువగా ఉన్నవాళ్ళు తప్పు చేయరనే ఒక ధీమా మాత్రం ఎక్కడో ఉందేమో.

డిసెంబరు 9

మేయర్ సతుర్నీనో వచ్చాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఇప్పటికీ కుర్చీ వదిలేసి నా బల్ల మీదే కూర్చుంటాడు.

"ఒక్క ముక్కలో చెప్పు. ఆ రాయి నిలుస్తుందా, పడుతుందా?"

"గమనిస్తున్నాను."

"గమనించు తల్లీ, గమనించు. గుమ్మం మూశావంటే పై వీధి కొట్లవాళ్ళు నన్ను ఆ గుండిగలోనే వేసి ఉడకబెడతారు."

బాగుచేయాలంటే ఇదే సమయమని ఇద్దరికీ తెలుసు. కిరీటం మీద కొంగల గూడు ఉంది. ఏటేటా పుల్లలు పేర్చి పేర్చి ఎద్దంత బరువు చేశాయి, బీటకు మూలం అదే. అవి ఆఫ్రికాలో ఉన్న ఈ చలికాలంలోనే, అనుమతి తెచ్చుకుని, గూడు తీయాలి. తీశాక రాయికి స్టీలు ఊచలు దించి కుట్లు వేయాలి. ఫిబ్రవరి మొదట్లో సాన్ బ్లాస్ పండుగకి కొంగలు తిరిగొస్తాయి. వచ్చి కూర్చున్నాయంటే ఆగస్టు దాకా ఆ రాయిని చట్టం ముట్టుకోనివ్వదు.

"పోనీ మూసేయమని రాసివ్వనా?" అన్నాను.

"నీకు అనుమానం ఉంటే రాయి."

నాకు అనుమానం లేనిదెప్పుడు? రాయలేదు. పరంజా కడితే రెండు నెలలన్నా గుమ్మం మూతపడుతుంది. ఆ రెండు నెలల్లో ఏం జరుగుతుందని? ఏమీ జరగదు. అయినా రాయలేదు.

డిసెంబరు 24

అక్క గిన్నెడు సూపు తాగింది.

డిసెంబరు 25

సగం గిన్నె.

జనవరి 3

కొత్త సాక్షి అద్ది నిచ్చెన దిగుతుంటే కిటికీలోంచి వేలితో పిలిచింది. వెళ్ళాను. ఒళ్ళో గుండీల డబ్బా. ఏవో తెల్ల గుండీలు చూపిస్తుందనుకున్నాను. మూత తీస్తే ప్లాస్టర్ ముక్కలు.

"ఒబ్దూలియా గుమ్మం ముందు ఊడ్చినప్పుడల్లా ఏరి తెచ్చింది. నేనే తెమ్మన్నాను." ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద పేర్చింది. "ఇది అక్టోబరు తొమ్మిది. ఇది ఇరవై ఎనిమిది. ఇదేంటే, నవంబరా? నీ రాత ఎప్పుడూ కోడి గీతలే."

"ప్లాస్టర్ మంచిది కాదక్కా. ఈసారి..."

"రోజంతా ఈ కిటికీ దగ్గరే కదే పడి ఉండేది. నువ్వు అటూ ఇటూ చూడ్డం, గబగబా గోకేయడం, కొత్తది అద్దడం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని చూసినట్టు చూస్తున్నా మూడు నెలల నుంచి."

ఒబ్దూలియా గోడవైపు తిరిగి దుప్పటి మడత పెడుతోంది. మడిచిందే మళ్ళీ మడుస్తోంది.

"గుమ్మం మూసేస్తే నువ్వు..." అన్నాను.

"నేను?"

"వసంతం వచ్చాక నువ్వు కిందికి దిగి, మెల్లగా నడిచి..."

అక్క ముక్కలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టేసింది. "అలసటగా ఉంది. వెళ్ళు."

ప్లాస్టర్ నిజంగానే పాత సరుకు అయ్యుంటుంది. సంచి మీద తేదీ చూడాలి.

జనవరి 4

చూశాను. కొత్త సరుకే.

జనవరి 12

పడింది.

కిరీటం ఎడమ కొస. సంత రోజు, వాన వెలిసిన వెంటనే, మిట్టమధ్యాహ్నం. ఒబ్దూలియా బయట సంతలో సూపుకి ఎముకలూ ఉల్లికాడలూ కొనుక్కుని గుమ్మం దాటింది. ఆవిడ వెనకే, శాలువా అంచుకి తగిలేంత దగ్గరలో. వెనక్కి తిరిగి చూసి, "అయ్యో, కౌంటు గారికి పన్నూడింది" అందట. తరవాత అక్క కొట్టు అరుగు మీద కూర్చుంది. నేను వెళ్ళి భుజం పట్టుకుంటే నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఆ ముక్కలు ఏరింది ఆవిడే కదా.

ఫైల్లో "కదలిక లేదు" అని నా చేత్తో రాసినవి ఉన్నాయి. ఒకటి కాదు.

గుమ్మానికి కంచె కట్టించి మూయించాను. సంతకం ఎప్పటిలాగే సాఫీగా పడింది. అది కూడా నాకు నచ్చలేదు.

అక్క తిట్టలేదు. "పరంజా ఎప్పుడు కడతారు?" అని మాత్రం అడిగింది.

"పది పదిహేను రోజులు పట్టొచ్చు."

"అయితే ఎక్కి గుండిగలో చూడు. చూసి నాకు చెప్పు. నాకు నచ్చేది కాదు, ఉన్నది."

జనవరి 14

సతుర్నీనోకి చెప్పేశాను. సాక్షులు పగిలాయనీ, గోకేసి కొత్తవి వేశాననీ, తెలిసే చేశాననీ. తెలిసే అనే మాట దగ్గర ఒక్కసారి ఆగాను, కానీ అన్నాను.

బల్ల మీద కాళ్ళాడిస్తూ కూర్చున్నాడు. "ఎవరికీ తగల్లేదు కదా ఎల్వీరా. ఇప్పుడు ఇదంతా బయటపెడితే ఎవరికి లాభం?"

"తెలియదు."

"మీ అక్క సంగతి అందరికీ తెలుసు. ఎవరూ నిన్ను తప్పు పట్టరు."

"అందరికీ తెలుసా?"

"ఈ ఊళ్ళో నీకు తప్ప అందరికీ తెలుసు" అన్నాడు. అనేశాక తల దించుకున్నాడు.

చేసింది చేసినట్టు కాగితం మీద రాసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. ఫైల్లో పెడతాడో లేదో.

జనవరి 16

రొట్టెల కొట్టావిడ నన్ను చూసి, "దిగువ గుమ్మంలోంచి చుట్టు తిరిగి వస్తోంది పిండి. రొట్టె ఆలస్యమైతే మమ్మల్ని అడగకండి ఇంజనీరమ్మా" అంది. నేను ఇంజనీరుని కాదు, ఆర్కిటెక్టుని. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఇవాళ చెప్పలేదు.

జనవరి 26

కింద దూలాలతో రాయిని ఆనించి, పరంజా కట్టారు. ఎక్కాను. నిచ్చెన మీంచి చెయ్యి చాచడమే తప్ప, ఆ డాలుని మొహంలో మొహం పెట్టి చూడడం ఇదే మొదటిసారి. తోడేళ్ళకి పళ్ళు లేవు. గాలి అరగదీసిందో, చెక్కినవాడు చెక్కనేలేదో. కిందనుంచి అంత భయపెట్టేవి, దగ్గరికెళితే ముసలి కుక్కల్లా ఉన్నాయి.

ఎదురుగా, కొంచెం కిందగా, కిటికీ తలుపులు బార్లా తెరిచి ఒబ్దూలియా అక్కని రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టింది. చలిగాలి కోస్తోంది. అక్క నెత్తి మీద నల్ల శాలువా, దాని కింద రెండు కళ్ళు, ఇంకేమీ లేదు మొహంలో.

గుండిగలో చెయ్యి పెట్టాను. కుళ్ళిన ఆకులు, ఈకలు, గూటిలోంచి జారిన పుల్లలు. గుప్పిళ్ళతో తీసి పడేశాను. అడుగు తగిలింది. వేళ్ళతో తడిమాను. ఒక్క శనగైనా చెక్కి ఉంటాడని. గుండ్రంగా ఏదో తగిలింది. కాదు, వాన తొలిచిన గుంట అంచు.

"ఏముందే?"

వీధి ఇంతే వెడల్పు. ఈ కాస్త దూరం దాటడానికి అక్క గొంతుకి ఎంత కష్టమైందో విన్నాను.

శనగలున్నాయక్కా అనడానికి నోరు తెరిచాను. ఎంత సులువు. ఎవరు ఎక్కి చూస్తారు?

"ఖాళీ," అన్నాను. గాలికి పోయింది. అప్పుడు అరిచాను. "ఖాళీ అక్కా. ఏమీ లేదు. అడుగు నున్నగా ఉంది."

రొట్టెల కొట్టావిడ వీధిలోకి వచ్చి తలెత్తి చూసింది. కిటికీలో అక్క నవ్వింది. నలభై ఏళ్ళ పందెం నెగ్గిన నవ్వు. "చెప్పానా" అని ఒబ్దూలియాతో అనడం పెదాల మీద కనిపించింది.

దిగి వెళ్ళి, మంచం మీద పక్కన కూర్చుని, మిగతాది కూడా చెప్పాను. వరండాలో విన్నది విన్నట్టు.

"ఈస్టరా?" అంది. "నేను క్రిస్మస్‌కే అనుకున్నా. ఆవిడకి నా మొండితనం తెలిసినట్టుంది."

తరవాత కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఖాళీ అని అరిచావు చూడు, ఆ గొంతు గుర్తుపెట్టుకో. నాకోసం అరవాల్సినప్పుడు అదే గొంతు." గుండీల డబ్బా తెరిచి ఒక ముక్క ఏరింది. "ఇది నా ఏప్రన్ జేబులో వెయ్యి. కొట్లో వేసుకునే నీలం గళ్ళది. అదే తొడుగు నాకు. ఆ కౌంటు మన వాళ్ళ దగ్గర గుడ్డుకి గుడ్డు, గుప్పెడుకి గుప్పెడు లాక్కున్నాడు. వాడి ముక్కు కిందనుంచి ఒక్కటైనా దాటించుకుపోతా."

"మరి నేను ఏమీ లేదని అరవాలా?"

"అరవాలి. నీకు అలవాటేగా."

ఇద్దరం నవ్వాం. ఒబ్దూలియా గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 1

గూడు తీసే అనుమతి రాలేదు. కొంగ వచ్చింది. ఒక్కటే. మగది ముందొచ్చి గూడు సర్దుకుంటుంది. కిరీటం విరిగినవైపు కాసేపు ఒంటికాలి మీద నిలబడి కిందికి చూసింది.

ఆగస్టు.

ఫిబ్రవరి 2

ఇది రాసి తీరాలి. అక్టోబరులో మొదటి సాక్షి పగిలిన రోజే మూసి ఉంటే, నవంబరులో అనుమతి, డిసెంబరులో గూడు, జనవరిలో కుట్లు. ఇవాళ్టికి గుమ్మం తెరిచి ఉండేది. అక్క కోసమే తెరిచి ఉంచాననుకున్నాను. తెరిచి ఉంచినందుకే మూతపడింది.

రాశాక తేలికవుతుందనుకున్నాను. అవలేదు.

ఫిబ్రవరి 11

ఆడకొంగ కూడా వచ్చింది. అక్క కళ్ళు తెరవలేదు. ముక్కుల టకటక విని, "వచ్చేశారా" అంది, చుట్టాలని పలకరించినట్టు.

ఫిబ్రవరి 16

పొద్దున్న.

ఫిబ్రవరి 18

చర్చి మెట్లు దిగి పెట్టెను దిగువ గుమ్మం వైపు తిప్పుతుంటే ఆపాను. "ముందు పైకి."

పెట్టె మోస్తున్నవాళ్ళలో సతుర్నీనో ఉన్నాడు. "ఎల్వీరా," అన్నాడు మెల్లగా, "అది మూసింది నువ్వే."

"కంచె దాటొద్దు. ఇవతలే ఆగుదాం. అక్కణ్ణించి డాలు కనిపిస్తుంది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో భుజం మార్చుకున్నారు. పైకి నడిచారు. పై వీధి కొట్లవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. రొట్టెల కొట్టావిడ పిండి చేతులు వెనక్కి పెట్టుకుంది.

కంచె దగ్గర ఆగాం. పరంజా కడ్డీల మధ్యనుంచి డాలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ఒక తోడేలు, కిరీటంలో మిగిలింది, గుండిగ. పైన కొంగలు రెండూ మెడలు వెనక్కి వాల్చి టకటకలాడిస్తున్నాయి. అవి ఆపేదాకా ఆగాను. ఒబ్దూలియా నా పక్కకి వచ్చి నిలబడింది. పన్నూడిన రోజు తరవాత ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"కాసిల్దా," అన్నాను. పక్కనున్న ఒబ్దూలియాకే వినపడి ఉంటుంది. మళ్ళీ పైకి, ఆ గుండిగ వైపు చూశాను.

"కాసిల్దా ఏమీ పట్టుకుపోవడం లేదు."

వీధి చివరిదాకా వినపడింది. పరంజా ఇనుము మోగింది.

పెట్టె వెనక్కి తిప్పుకుని, చెత్తబండ్లు పోయే దారిన దిగువకి నడిచాం. అక్క అడిగింది ఇది కాదు.

నీలం గళ్ళ ఏప్రన్ జేబులో అక్టోబరు 9 ఉంది.